మెడికల్ షాపు పెడతావా పాపా?

ఫార్మ్‌డీ చదువుతున్నానని చెబితే ధర్మవరంలో నాకు మూడు రకాల మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు "కాంపౌండరు చదువా?" అంటారు. మా వీధిలో వాళ్లు "మెడికల్ షాపు పెడతావా పాపా?" అని అడుగుతారు. నా వయసు వాళ్లయితే "ఆరేళ్లా! అదేదో ఎంబీబీఎస్సే చదివేయొచ్చు కదా" అని నవ్వుతారు.

ఎవరి మీదా నాకు కోపం లేదు. మందులిచ్చే కిటికీ వెనకాల ఉండే ఫార్మసిస్టు అందరికీ తెలుసు. రోగి మంచం పక్కన నిలబడే ఫార్మసిస్టును మన ఊళ్లో ఎవరు చూశారు కనుక? ఆ పని నేర్పేది ఫార్మ్‌డీలో ఆరో ఏడాది. నిబంధనల్లో దాన్ని ఇంటర్న్‌షిప్ లేదా రెసిడెన్సీ శిక్షణ అన్నారు. నాది ఇంకో నెలలో అయిపోతుంది. ఆ ఏడాదిలో ఏం నేర్పుతారో, ఆ తర్వాత దారి ఎక్కడ ఆగిపోతుందో ఇప్పుడే చెప్పాలనిపించింది. ఇంటర్ అయ్యి ఏ కోర్సులో చేరాలా అని చూస్తున్నవాళ్లకీ, ఇంట్లో బీపీ, షుగర్ మందులు మింగే పెద్దవాళ్లున్నవాళ్లకీ ఇది పనికొస్తుంది.

కిటికీ నుంచి మంచం దాకా

మన దేశంలో ఫార్మసీ చదువు 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మొదలుపెట్టినాయన మహాదేవ లాల్ ష్రాఫ్. అప్పటి నుంచీ మన చదువు ఎక్కువగా ఫ్యాక్టరీ వైపే నడిచింది. బిళ్ళ ఎట్లా తయారు చేయాలి, అందులో మందు సరిగ్గా ఉందో లేదో ఎట్లా పరీక్షించాలి అన్నదే ముఖ్యం. మన దేశం ప్రపంచానికంతా మందులు అమ్ముతోందంటే ఆ చదువు పుణ్యమే. కానీ ఆ బిళ్ళ మింగినాక మనిషికి ఏమవుతుందో చూసే ఫార్మసిస్టును తయారు చేయడం చాలా ఆలస్యంగా మొదలైంది.

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో ఫార్మ్‌డీ నిబంధనలు తెచ్చింది. ఇంటర్ తర్వాత ఆరేళ్లు. అయిదేళ్లు తరగతులు, ఆసుపత్రి పోస్టింగులు, ప్రాజెక్టు. ఆరో ఏడాది మొత్తం ఆసుపత్రే. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్ వార్డు, మిగతా ఆరు నెలలు రెండేసి నెలల చొప్పున వేరే మూడు విభాగాలు. బీఫార్మసీ చదివినవాళ్లకి మూడేళ్ల ఫార్మ్‌డీ ఉంది. వాళ్లకీ చివరి ఏడాది ఇదే.

పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. పాత నిబంధనల ప్రకారం డీఫార్మసీ వాళ్లకి ప్రాక్టికల్ ట్రైనింగ్ కనీసం 500 గంటలు. రోజుకి ఎనిమిది గంటలు లెక్కేస్తే రెండు నెలల పైచిలుకు. మాకు ఏడాది. అయితే మా గొప్పంతా గంటల లెక్కలో లేదు. ఆ గంటలు ఎక్కడ గడుపుతామన్నదాంట్లో ఉంది.

వార్డులో మా పని

పొద్దున ఎనిమిదిన్నరకి వార్డులో ఉండాలి. డాక్టరుగారు రౌండ్సుకి వచ్చేలోపు నాకిచ్చిన మంచాల కేస్ షీట్లన్నీ చదివేస్తాను. జబ్బేమిటి, రాసిన మందులేమిటి, డోసు ఎంత, రక్త పరీక్షలో కిడ్నీ, లివర్ ఎట్లా ఉన్నాయి, రాత్రి మారిన మందేదైనా ఉందా అని చూస్తాను. తర్వాత రోగి దగ్గర కూర్చుని ఇంట్లో ఏమేం మింగుతున్నారో అడుగుతాను. దీన్నే మెడికేషన్ హిస్టరీ అంటారు. రౌండ్సులో డాక్టర్ల వెనకాల నడుస్తాను. మధ్యాహ్నం డిశ్చార్జి అయ్యేవాళ్లకి ఏ బిళ్ళ ఎప్పుడు, తిన్నాకా తినకముందా, ఎన్నాళ్లు అని చెప్పి పంపిస్తాను. సాయంత్రం చూసిన కేసంతా నాలుగు భాగాలుగా రాస్తాను: రోగి చెప్పింది, పరీక్షల్లో తేలింది, దాన్నిబట్టి అర్థమైంది, ఇక చేయాల్సింది.

వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. రోగులు నన్ను నర్సమ్మా అంటారు, డాక్టరమ్మా అంటారు, ఒకాయన "లెక్కలు రాసుకునే పాప" అన్నాడు. ఈ పని దేనికో మొదటి నెలలో నాకూ పూర్తిగా అర్థం కాలేదు. మూడో నెలలో ఒక చేనేతాయన అర్థమయ్యేట్టు చేశాడు.

కేస్ షీటులో లేని బిళ్ళ

యాభై ఎనిమిదేళ్ల మనిషి. కాళ్లు వాచి, మూత్రం తగ్గిపోయి వచ్చాడు. క్రియాటినిన్ 3 దాటింది. మామూలుగా అది 1 దగ్గరుండాలి. కేస్ షీటులో పాత మందుల దగ్గర ఒకటే ఉంది: బీపీ బిళ్ళ. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపి ఉండేది.

నేను అడిగితే కూడా అదే చెప్పాడు. "బీపీ బిళ్ళ ఒగటి, అంతే తల్లీ."

మా నాన్నదీ మగ్గమే. గుంత మగ్గంలో రోజుకి పది గంటలు కూర్చుంటే మోకాళ్లూ నడుమూ ఎట్లా పట్టేస్తాయో ఇంట్లో చూస్తూ పెరిగినదాన్ని. అందుకే ఇంకోలా అడిగాను. "మరి మగ్గంలో కూర్చుంటే మోకాళ్లు నొప్పి రావా పెద్దాయనా?"

"ఎందుకు రావమ్మా. దానికి అంగట్లో ఇస్తారు కదా. పొద్దున ఒగటి, రాత్రి ఒగటి. రెండేండ్ల నుంచీ వేసుకుంటాండా. అది మందు కాదులే తల్లీ, నొప్పుల బిళ్ళ."

అది మందు కాదట! ఆ ఒక్క మాటలో మొత్తం కేసు ఉంది.

ఎందుకంటే ఆ మూడూ కలిస్తే కిడ్నీకి ప్రమాదం. మన పొలాల్లో డ్రిప్పు పైపు తెలుసు కదా. పైపులో ప్రెషర్ ఉంటేనే చుక్క పడుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల బిళ్ళ కిడ్నీ జల్లెడలోకి రక్తం వచ్చే నాళాన్ని బిగిస్తుంది. అంటే మోటారు దగ్గర వాల్వు సగం మూసినట్టు. టెల్మిసార్టన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. అంటే పైపు చివర మూత తీసేసినట్టు. మూత్రం పోయించే మందు ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది. అంటే బోరులోనే నీళ్లు తగ్గినట్టు. విడివిడిగా మంచి మందులే. మూడూ కలిస్తే ప్రెషర్ పడిపోయి కిడ్నీ వడకట్టడం మానేస్తుంది. ఎండాకాలంలో, నీళ్లు తక్కువ తాగే మనిషికి ఇంకా త్వరగా.

డ్యూటీ డాక్టరుకి చెప్పాను. నొప్పుల బిళ్ళ ఆపేశారు, బీపీ మందు మార్చారు. పది రోజుల్లో క్రియాటినిన్ దాదాపు మామూలుకి దిగింది. ఆయన ఇంటికి పోయేటప్పుడు ఆ బిళ్ళ ఖాళీ స్ట్రిప్పు అడిగి తీసుకుని, పెద్ద అక్షరాలతో చీటీ రాసిచ్చాను. "ఇది వద్దు. ఎవరు ఇచ్చినా వద్దు" అని.

వైద్యం చేసింది డాక్టర్లే. ఆ మాట గట్టిగా చెప్తున్నాను. నేను చేసింది, పదిహేను నిమిషాలు కూర్చుని సరైన ప్రశ్న అడగడం. వంద మంది ఓపీ చూసే డాక్టరుకి ఆ పదిహేను నిమిషాలు ఉండవు. ఆ నిమిషాలు ఎవరికో ఒకరికి ఉద్యోగంగా ఉండాలి. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది నిజానికి ఈ ఒక్క ముక్కే.

మూత రంగు, వారం పేరు

ఇలాంటివి పుస్తకంలో ఉంటాయి. కానీ మనిషి ముందు కూర్చుంటేనే పట్టుబడతాయి. రెండు చెప్తాను, మీ ఇంట్లో కూడా చూసుకోండి.

ఇన్సులిన్ మన దగ్గర రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకూ లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి సొమ్మసిల్లిపోతారు. అంగట్లో "సూది ఇవ్వన్నా" అంటే ఏ మూతది చేతికొస్తుందో తెలీదు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే ఉండాలి.

రెండోది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి రాస్తారు. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. మనకేమో బిళ్ళ అంటే రోజూ వేసుకునేదే. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మేం చీటీలో "వారానికి ఒకటి" అని ఊరుకోం. "ఆదివారం మాత్రమే" అని వారం పేరు రాస్తాం. రోగి చేత తిరిగి చెప్పిస్తాం.

మందుల పొరపాట్లు మన ఒక్కరి గొడవే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. ఈ పొరపాట్ల ఖర్చు ప్రపంచం మొత్తం మీద ఏటా 4,200 కోట్ల డాలర్లని అప్పుడు లెక్కగట్టింది. మన దేశంలోనూ మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. మందు వాడాక దద్దుర్లో, వాపులో, ఇంకేదైనా తేడానో కనిపిస్తే ఎవరైనా 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు. టోల్ ఫ్రీ. వార్డులో ఆ ఫారాలు నింపి పంపడం కూడా మా ఆరో ఏడాది పనే.

"సార్, ఒక్క మాట"

అన్నిటికన్నా కష్టమైన పాఠం మందుల గురించి కాదు, మాట గురించి. మొదటి వారంలో ఒక డాక్టరుగారు "నువ్వెవరమ్మా, ఎవరి తాలూకు?" అని అడిగారు. నిజంగానే అర్థం కాక అడిగారు. ఫార్మసీ వాళ్లకి వార్డులో ఏం పని అని ఒక సిస్టర్ విసుక్కుంది. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్‌కి వార్డులో చోటు ముందే ఉంటుంది. మేం రోజూ చోటు చేసుకోవాలి.

మా మేడమ్ నేర్పిన పద్ధతి ఒకటుంది. "సార్, ఇది తప్పు" అనకూడదు. "సార్, నిన్నటి క్రియాటినిన్ రిపోర్టు వచ్చింది, ఈ యాంటీబయాటిక్ డోసు ఒకసారి చూస్తారా?" అనాలి. చేతిలో రిపోర్టు ఉండాలి, నోట్లో ప్రత్యామ్నాయం ఉండాలి. రోగి ముందు కాదు, పక్కకి వచ్చాక. నాలుగు నెలలు పోయాక, మొదట్లో నన్నెవరని అడిగిన ఆ డాక్టరుగారే "ఈ రెండూ కలిపి ఇవ్వొచ్చా, చూసి చెప్పు" అని ఫోన్ చేశారు. ఆ రోజు మెస్‌లో రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

మనకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో

ఫార్మ్‌డీ నడిపే కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రితో ఒప్పందం ఉండాలని నిబంధన. మా ఊరి ప్రభుత్వ ఆసుపత్రి అంత పెద్దది కాదు. కానీ ధర్మవరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు పోతే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుదే అది. అనంతపురం పక్కన ఉన్న రాఘవేంద్ర ఫార్మసీ కాలేజీ, మనం రైపర్ అంటామే, ఆ కాలేజీ ఫార్మ్‌డీ పిల్లలు అక్కడి వార్డుల్లో శిక్షణ పొందుతారు. నేను చేసింది వేరే చోట. కానీ వాళ్లతో సెమినార్లలో కలిసినప్పుడల్లా వింటాను.

ఆ ఆసుపత్రికి హెచ్‌ఐవీ వైద్యంలో పేరుంది. అక్కడి రోగుల వివరాలతో అంతర్జాతీయ పత్రికల్లో పరిశోధన వ్యాసాలు వచ్చాయి. ఫార్మసిస్టుకి అలాంటి చోటు బడి లాంటిది. ఒక ఉదాహరణ. హెచ్‌ఐవీకి ఇచ్చే డోలుటెగ్రావిర్ రోజుకి ఒక్క బిళ్ళ. అదే మనిషికి టీబీ కూడా ఉండి రిఫాంపిసిన్ మొదలుపెడితే, ఆ మందు లివర్‌ని తొందరపెట్టి డోలుటెగ్రావిర్‌ని త్వరగా అరగదీసేస్తుంది. అప్పుడు ఒక బిళ్ళ చాలదు, రోజుకి రెండు కావాలి. టీబీ మందు ఒకచోట, హెచ్‌ఐవీ మందు ఇంకోచోట తీసుకునే రోగికి ఈ రెండూ కలిపి చూసేవాళ్లు కావాలి కదా.

అంటే పెద్ద నగరాల్లోనే ఈ చదువు కుదురుతుందన్నది నిజం కాదు. పల్లెల మధ్య ఉన్న ఆసుపత్రిలో కూడా కుదురుతుంది.

ఆరో ఏడాది తర్వాత?

ఇక్కడే అసలు సంగతి. అమెరికాలో 1927లోనే హార్వీ విట్నీ అనే ఆయన మిచిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఫార్మసిస్టులకి ఇలాంటి శిక్షణ మొదలుపెట్టారు. 1960లలో దానికి దేశమంతటికీ ఒకే ప్రమాణాలు వచ్చాయి. ఇప్పుడు అక్కడ ఫార్మ్‌డీ అయ్యాక ఏడాది రెసిడెన్సీ, కావాలంటే గుండె, క్యాన్సర్, ఐసీయూ లాంటి ఒక విభాగంలో ఇంకో ఏడాది. జీతం ఇస్తారు. ఎవరు ఏ ఆసుపత్రికి పోవాలో మ్యాచ్ పద్ధతిలో తేలుతుంది.

మన దగ్గర చదువులో భాగంగానే ఒక రెసిడెన్సీ ఏడాది ఉంది. మంచిదే. కానీ పట్టా చేతికొచ్చాక ఎక్కడానికి రెండో మెట్టు లేదు. డాక్టర్లకి ఎండీ ఉన్నట్టు, ఫార్మసిస్టుకి దేశమంతటా ఒకే పద్ధతిలో నడిచే జీతంతో కూడిన రెసిడెన్సీ లేదు. ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు 2015లో వచ్చాయి. 2021లో వాటిని సవరించి క్లినికల్ ఫార్మసిస్ట్ అనే హోదాని కూడా చేర్చారు. కాగితం మీద పేరు వచ్చింది. ఇక ఆసుపత్రుల్లో కుర్చీ రావాలి.

అందుకే మా బ్యాచ్‌లో ఎక్కువమంది చూపు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల మీద ఉంది. ఎక్కడో ఒక రోగికి మందు పడకపోతే వచ్చే రిపోర్టుల్ని కంప్యూటర్ ముందు కూర్చుని పరిశీలించే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలు, మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు. అవి చిన్న పనులేం కావు. జీతం నెలనెలా పడుతుంది, ఇంట్లో అప్పు తీరుతుంది. ఇంకొందరు గల్ఫ్ పరీక్షలకి, అమెరికా పరీక్షలకి చదువుతున్నారు. అమెరికా పోవాలంటే ఎఫ్‌పీజీఈఈ రాయాలి. దానికి కనీసం అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ ఒక్కటే సరిపోదు, ఆరేళ్ల ఫార్మ్‌డీ సరిపోతుంది. ఇది తెలిసే చాలామంది ఈ కోర్సులో చేరతారు.

నాకూ బెంగళూరు నుంచి ఆఫర్ వచ్చింది. అక్కడ రైలెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అమ్మ "పో పాపా, ఏసీలో కూర్చునే పని" అంది. నాన్న ఏమీ అనలేదు. ఫీజు కోసం చేసిన అప్పు ఆయన మగ్గం మీదే ఉంది, అది నాకు తెలుసు.

ఇంకోవైపు మన జిల్లాలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ఫార్మసీ చూసుకోమన్నారు. జీతం బెంగళూరులో ఇచ్చేదాంట్లో సగం కూడా లేదు. పని స్టాకు, బిల్లులు. నేను ఒక్కటే అడిగాను: "పొద్దున రెండు గంటలు నన్ను వార్డులో ఉండనివ్వండి. మూడు నెలలు చూడండి. ఎన్ని మందులు మార్చాల్సి వచ్చిందో, ఎన్ని అనవసరంగా రాశారో రాసి చూపిస్తాను. అప్పుడు జీతం గురించి మాట్లాడదాం." ఆలోచించి చెప్తామన్నారు. బెంగళూరు వాళ్లకి జవాబివ్వడానికి నాకు ఈ నెలాఖరు వరకూ టైముంది.

చేరే ముందు ఇవి అడగండి

ఇదంతా చదివాక కూడా మీకు ఫార్మ్‌డీ చేయాలనిపిస్తే సంతోషం. ఎంపీసీ వాళ్లూ, బైపీసీ వాళ్లూ చేరొచ్చు. ఒక బ్యాచ్‌కి 30 సీట్లే. కాలేజీ బిల్డింగు, బస్సులు చూసి మోసపోకండి. ఈ ప్రశ్నలు అడగండి.

ఒప్పందం ఉన్న ఆసుపత్రి ఏది? కాలేజీ నుంచి ఎంత దూరం? అక్కడ మెడిసిన్‌తో పాటు ఇంకే విభాగాలు ఉన్నాయి?

ఫార్మసీ ప్రాక్టీస్ టీచర్లు రోజూ వార్డులో ఉంటారా, సంతకాలకి మాత్రమే వస్తారా?

రౌండ్సులో విద్యార్థుల్ని డాక్టర్లు రానిస్తారా? ఆరో ఏడాది సీనియర్‌ని ఒకరిని పట్టుకుని "నిన్న ఏం చేశావక్కా?" అని అడగండి. "లైబ్రరీలో కూర్చున్నా" అంటే ఇంకో కాలేజీ చూసుకోండి.

ఆరో ఏడాదిలో స్టైపెండ్ ఇస్తారా? ఎంత? నోటి మాట కాదు, కాగితం మీద.

కోర్సు సంగతి అవసరం లేనివాళ్లకి ఒకటే మాట. ఇంట్లో పెద్దవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు వాళ్లు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. చీటీలు కాదు, స్ట్రిప్పులే. బీపీవి, షుగర్‌వి, ఆయుర్వేదం పొడి, అంగట్లో కొన్న నొప్పుల బిళ్ళ, అన్నీ. ఆ సంచి బల్ల మీద పెట్టి "ఇవన్నీ కలిపి వాడొచ్చా?" అని అడగండి. అడగడానికి అక్కడ ఫార్మసిస్టు లేకపోతే, ఎందుకు లేరని కూడా అడగండి. పది మంది అడిగితే ఆసుపత్రివాళ్లు ఒక కుర్చీ వేస్తారు.